ఎన్నడూ గొంతు ఎత్తని ఇల్లాలు

దేజన్
నవంబరు మొదటి ఆదివారం

సుక్‌హీ అమ్మకు,

ఇక్కడి పరిస్థితి ఈ విధంగా ఉంది. ఇల్లు నిలబడే ఉంది. నేనూ నిలబడే ఉన్నాను.

బియ్యం డబ్బా మూతకు నువ్వు అంటించి వెళ్లిన చీటీ చూశాను. "బొగ్గు దిమ్మలు మెట్ల కింద ఉన్నాయి. నేను చుంగ్‌ములో మా తమ్ముడింట్లో ఉన్నాను." అంతే రాశావు. ఎందుకు వెళ్లావో లేదు, ఎప్పుడు వస్తావో లేదు. నేను రెండు యుద్ధాలు చేసినవాణ్ణి. ఇలా సెలవు అడక్కుండా శిబిరం వదిలి వెళ్లేవాళ్లను సైన్యంలో ఏమంటారో నీకు తెలుసు. మీ తమ్ముడి భార్యకు ఒంట్లో బాగాలేక సాయానికి వెళ్లావేమో అనుకుంటున్నాను. అదే నిజమైతే ఆమెకు తొందరగా తగ్గాలని నా ఆదేశంగా చెప్పు.

పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది. కాపలా మార్చినట్టు వేళ తప్పకుండా దిమ్మ మారుస్తూనే ఉన్నాను. అయినా ఆరిపోయింది. పొయ్యి వేడి కిందకు రాక నేల ఐసుగడ్డలా ఉంది. బూట్లతోనే పడుకుంటున్నాను.

పెళ్లి హాల్లో పని మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మొన్న ఒక పెళ్లికొడుకు వచ్చాడు. సైన్యం నుంచి బయటపడి నెల కూడా కాలేదు. నేను వేదిక మీద నుంచి "వరుడు సొ దోంగ్‌చిల్!" అని మామూలుగానే పిలిచాను. వాడు మడమలు టక్కున కొట్టి "కార్పొరల్ సొ దోంగ్‌చిల్!" అని హాలు అదిరిపోయేలా అరిచాడు. వాడి స్నేహితులు ముందు వరుసలో దిగ్గున లేచి కర్రల్లా నిలబడ్డారు. వాళ్ల పెదనాన్న ఎవరో సెల్యూట్ కూడా కొట్టేశాడు. పెళ్లికూతురు బెదిరిపోయి పూలగుత్తి జారవిడిచింది. హాలు యజమాని క్వాక్ గారు మాత్రం పొంగిపోయి, "మీరుండగా మైకు దండగ" అన్నారు. చూశావా? మిల్లు అమ్మాయిల హాస్టల్లో వార్డెనుగా ఉన్నప్పుడు ఈ గొంతు వల్లే ఉద్యోగం పోయింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ల చేత కారు చుట్టూ కవాతు చేయించినప్పుడూ ఇదే కొంప ముంచింది. చివరికి వేదిక మీద నిలబడి పెళ్లి జరిపించి, జంటకు నాలుగు మాటలు చెప్పే పెళ్లిపెద్ద ఉద్యోగంలో దీనికి గౌరవం దొరికింది. ఆ రోజు అసలు పెళ్లిపెద్ద, ఆ రిటైర్డ్ హెడ్మాస్టరు, తాగి పడిపోకపోతే హాలు ముందు కార్లు నిలిపిస్తూ ఈల ఊదుకునే నాకు పెళ్లిపెద్ద వేసుకునే ఆ తెల్ల చేతితొడుగులు ఎవరిచ్చేవారు?

ఇక అసలు విషయం. మన తాక్ కల్నల్ గారి కూతురికి పెళ్లి కుదిరింది. డిసెంబరు మధ్యలో, మా హాల్లోనే. పెళ్లిపెద్దగా నన్ను ఉండమని ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. కల్నల్ కూతురి పెళ్లికి సార్జెంటు పెళ్లిపెద్ద! నేను ఫోన్ పట్టుకుని నిటారుగా నిలబడిపోయాను. అయితే ఆయన తల్లిగారికి ఒక పట్టింపు ఉంది. పెళ్లిపెద్దకు భార్య ఉండాలి, ఇద్దరూ ఒకే ఇంట్లో అన్యోన్యంగా ఉండాలి, ఆ భార్య పెళ్లిలో ఎదురుగా కూర్చోవాలి. లేకపోతే కొత్త జంటకు అచ్చిరాదట. కాబట్టి ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రావలెను.

మాస్టర్ సార్జెంట్ (రిటైర్డ్) ప్యో గిల్‌మాన్


చుంగ్‌ము
నవంబరు

సుక్‌హీ నాన్నగారికి,

మా మరదలు గుండ్రాయిలా ఉంది. పొద్దున్నే లేచి ఆల్చిప్పలు ఒలిచే షెడ్డుకు వెళ్తోంది. ఆమెతో పాటు నేనూ వెళ్తున్నాను.

ముందుగా ఒక మనవి. ఇక్కడికి ఫోన్ చేయకండి. మొన్న మీరు చేసినప్పుడు మా తమ్ముడు రిసీవరు చెవికి ఆమడ దూరంలో పెట్టుకున్నాడు. అయినా వీధి వీధంతా విన్నది. పక్కింటాయన పరుగెత్తుకొచ్చి "మళ్లీ యుద్ధమా?" అని అడిగాడు.

నేనెందుకు వచ్చానో తెలియదన్నారు. చెప్తాను. ఎదురింటి బాంగ్ గారి అమ్మాయి పెళ్లికి నేనూ వచ్చాను కదా. మీ ఉపన్యాసం నేను వినడం అదే మొదటిసారి. స్తంభం పక్కన కూర్చున్నాను, మీరు చూడలేదు. మీరు చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పారు: "నా ఇల్లాలు ఇన్నేళ్లలో ఒక్కనాడూ గొంతు ఎత్తి ఎరగదు. పల్లకీలో పెళ్లికూతురై వచ్చిన రోజు దారి పొడవునా చెర్రీ పూలు రాలాయి. నేను రెండు యుద్ధాలకు వెళ్తే, వచ్చేదాకా గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడింది."

నేను ఇటూ అటూ చూశాను, ఎవరా అని.

నా పక్కన కూర్చున్నావిడ కళ్లు ఒత్తుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచి మనిషమ్మా! అలాంటివాళ్లకు ఆయుష్షు ఉండదు. పాపం, ఆవిడ చనిపోయాక ఈయన మళ్లీ చేసుకున్నాడల్లే ఉంది. ఇప్పుడున్నది ఉత్త గయ్యాళట. కూరగాయలవాడు కూడా ఆ గుమ్మం ముందు ఆగడట" అంది.

నేను లేచి వచ్చేశాను. భోజనానికి కూడా ఆగలేదు. పెళ్లి నూడుల్స్ వదిలేసి రావడం నా జన్మలో అదే మొదలు.

కాబట్టి ఆ మొదటి భార్యగారికి కబురు పెట్టండి. కల్నల్ గారి కూతురి పెళ్లిలో ఆవిడ పల్లకీ దిగి మీ ఎదురుగా కూర్చుంటుంది. బొగ్గు దిమ్మలు కూడా ఆవిడే మారుస్తుంది, గొంతు ఎత్తకుండా.

రెండో భార్య,
ఓక్ మల్‌సూన్


దేజన్
నవంబరు చివర

సుక్‌హీ అమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఆరోపణలు పరిశీలించాను.

నేను నీ పేరు చెప్పానా? చెప్పలేదు. పెళ్లిలో నాలుగు మంచి మాటలు చెప్పడం పద్ధతి. తుపాకీ గూటికి ఆకులు కప్పినట్టే ఇదీ. శత్రువు ఉన్నా లేకపోయినా కప్పుతాం. పైగా ఆ ఇల్లాలంటే జనానికి ఎంత ఇష్టమో నీకు తెలియదు. మొన్న ఒక పెళ్లికూతురు తల్లి వచ్చి "మా దానికి కూడా ఆ దీపం మాట చెప్పండి సార్" అని మరీ అడిగింది. అసలు నిజం చెబితే ఎవరు వింటారు? నువ్వు శిబిరంలోకి దూసుకొచ్చి కెప్టెన్ చేతిలో కర్ర లాక్కున్న సంగతి చెప్పనా? ఆ కెప్టెనే నేటి తాక్ కల్నల్ గారు!

చలికాలానికి పెట్టే కిమ్చి పచ్చడి సంగతి. నువ్వు లేవని తెలిసి వాడలో ఆడవాళ్లు నా వంతు పెట్టడానికి వాళ్లంతట వాళ్లే వచ్చారు. మర్యాద చేద్దామని వాళ్లను రెండు వరుసల్లో నిలబెట్టాను. క్యాబేజీలను పరిమాణం ప్రకారం కుడి నుంచి ఎడమకు పేర్చాను. ఉప్పు వేయడం ఈల ప్రకారం అని చెప్పాను. బాంగ్ గారి భార్య చేతితొడుగులు విప్పి "సార్జెంటు గారూ, మీ ఆవిడ ఎందుకు వెళ్లిపోయిందో ఇప్పుడర్థమైందండీ" అని వెళ్లిపోయింది. తక్కినవాళ్లూ ఆమె వెనకే వెళ్లారు. మిగతాది నేనే పెట్టాను. వియత్నాంలో తుప్పు పట్టిన డబ్బాల్లో కిమ్చి తిన్నవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. లెక్కే.

ఆ తర్వాత ఇంకో దాడి జరిగింది. కల్నల్ గారి తల్లి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది.

"మీ ఆవిడ ఏదయ్యా?"

"బజారుకు వెళ్లిందండి."

"వస్తుందిలే. కూర్చుంటా."

సాయంత్రం దాకా కూర్చుంది. ఆకలేస్తోందంటే అన్నం, ఆ కిమ్చి పెట్టాను. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని నా వంక చాలాసేపు చూసింది. "నాయనా, మీ ఆవిడ ఇల్లు వదిలి వెళ్లి ఎన్నాళ్లయింది?" అంది. "పెళ్లి లోపల తీసుకురా. లేకపోతే నా మనవరాలికి ఇంకో పెళ్లిపెద్దను చూసుకుంటాను" అని కర్ర ఊపుకుంటూ వెళ్లింది.

పరిస్థితి అర్థమైందనుకుంటాను. కోపం తర్వాత చూసుకుందాం, ముందు రా.

ప్యో గిల్‌మాన్ (రిటైర్డ్)


చుంగ్‌ము
డిసెంబరు మొదట్లో

సుక్‌హీ నాన్నగారికి,

మీ ఉత్తరం షెడ్డులో పైకి చదివి వినిపించాను. ఉప్పుకు ఈల అన్న దగ్గర ఒకామె నవ్వలేక కత్తి కింద పడేసింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మీ ఉపన్యాసం ఇక్కడ నాటకంగా ఆడుతున్నారు. మా మరదలు మీ వేషం. షెడ్డులో అందరికన్నా లావుపాటి యోంగ్‌జా గారు ఆ దీపం ఇల్లాలి వేషం. దీపం బదులు పెద్ద ఆల్చిప్ప పట్టుకుని, కళ్లు వాల్చి, "ఒసే, నేను గొంతు ఎత్తనే" అని సముద్రానికి వినబడేలా అరుస్తుంది. మేమంతా పడీ పడీ నవ్వుతాం.

నవ్వి ఇంటికి వచ్చాక మాత్రం నాకు కోపం వస్తుంది. ఎందుకో మీకు చెప్పాలి.

మొదటి యుద్ధంలో మీరు పైన కొండల్లో ఉన్నప్పుడు నేను పసిదాన్ని వీపున కట్టుకుని బుసాన్ సందుల్లో టోఫూ అమ్మాను. అరవకపోతే ఎవరు కొంటారు? ఆ గొంతు అప్పుడు పెరిగిందే. మీరు ఒక్కసారి వచ్చి వెళ్లాక, బిడ్డ పుట్టి ఏడాది దాటినా మీకు మళ్లీ సెలవివ్వకపోతే, రొట్టెల మూట నెత్తిన పెట్టుకుని కెప్టెన్ దగ్గరికి వచ్చి అరిచాను. మీకు సెలవు వచ్చింది. రెండోసారి మీరు వియత్నాం వెళ్లినప్పుడు ఇంటి యజమాని ఆడమనిషే కదా అని గది ఖాళీ చేయించబోయాడు. వాకిట్లో నిలబడి వాడ మొత్తం చేరేలా అరిచాను. ఆ గదిలోనే సుక్‌హీ చదువుకుంది. గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడే తీరిక నాకు ఒక్క రోజూ దొరకలేదు.

మీరు ఆ వేదిక మీద నిలబడి నా గొంతు తీసేసి నా చేతికి ఒక దీపం ఇచ్చారు. నేను బతికిన బతుకు చెప్పుకోవడానికి పనికిరాదని అందరి ముందూ తేల్చేశారు. అదీ నా బాధ.

మీ భార్య ఎవరో ఆ వేదిక మీద చెప్పిన రోజున తిరిగి రావడం గురించి ఆలోచిస్తాను. అంతవరకు కల్నల్ పిలిచినా రాను, ఆయన తల్లి పిలిచినా రాను.

మల్‌సూన్


దేజన్
డిసెంబరు

మల్‌సూన్‌కు,

నీ ఉత్తరం చదివాను. ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను.

క్వాక్ గారిని అడిగాను, ఉపన్యాసం మార్చవచ్చా అని. "మార్చండి, దీపం బదులు లాంతరు పెట్టండి" అన్నాడు. అది కాదు, నిజం చెప్తానంటే నవ్వాడు. "సార్జెంటు గారూ, ఇక్కడ గంటకో పెళ్లి. నిజం చెప్పడానికి టైమేదీ? ఏదైనా తేడా వస్తే మళ్లీ కార్ల దగ్గరికే" అన్నాడు. ఆ చేతితొడుగులు వేసుకుంటే జనం నన్ను "గురువు గారూ" అంటున్నారు. జీవితంలో నన్నెవరూ అలా పిలవలేదు. అది పోతుందంటే భయంగా ఉంది.

కల్నల్ గారి ముందు నోరు జారితే ఏమవుతుందో అని ఇంకో భయం. ఫిరంగులు మోగుతుంటే కూడా నిద్రపోయినవాణ్ణి, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

నువ్వు లేక ఇల్లు బాగాలేదు. నేనూ బాగాలేను. ఇది నివేదిక కాదు.

గిల్‌మాన్


చుంగ్‌ము
డిసెంబరు

సుక్‌హీ నాన్నగారికి,

దిమ్మ మార్చేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. ఆ పొగకు మనుషులు పోతారు. బూట్లతో పడుకోకండి, పాదాలు పాడవుతాయి.

పెళ్లికి నేను రావడం లేదు. మీరేం చెప్పాలో మీ ఇష్టం.

మల్‌సూన్


దేజన్
డిసెంబరు, పెళ్లయిన మర్నాడు

మల్‌సూన్,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరుసలో కల్నల్ గారు, ఆయన భార్య, ఆ ముసలావిడ ఉన్నారు. నీ కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. ముసలావిడ ఆ కుర్చీని, నన్ను మార్చి మార్చి చూస్తోంది. చిన్నప్పుడు మొదటిసారి తుపాకీ పట్టుకున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

"నా ఇల్లాలు ఒక్కనాడూ" అని అలవాటుగా మొదలుపెట్టాను. అక్కడే ఆగాను. క్వాక్ గారు పక్క నుంచి "దీపం! దీపం!" అని అందిస్తున్నాడు.

అప్పుడు చెప్పేశాను.

"అయ్యా, ఇన్నాళ్లూ నేను చెప్పిన ఆ ఇల్లాలు ఎక్కడా లేదు. నా భార్య పేరు ఓక్ మల్‌సూన్. ఆమె అరుస్తుంది. ఆమె అరిస్తే నాకు సెలవు దొరికింది, మా అమ్మాయికి చదువు దొరికింది, మాకు ఇల్లు దొరికింది. నేను రెండు యుద్ధాలు చేశానని అందరికీ చెప్పుకుంటాను. అక్కడ నాకు అన్నం పెట్టడానికి సైన్యం ఉంది, తుపాకీ ఇవ్వడానికి సైన్యం ఉంది. అవే రెండు యుద్ధాలు ఆమె కూడా చేసింది. ఆమెకు ఎవరూ లేరు. ఇప్పుడు ఆమె నా మీద అలిగి చుంగ్‌ములో ఆల్చిప్పలు ఒలుస్తోంది. తప్పు నాదే" అన్నాను.

మన పెళ్లి గురించి కూడా చెప్పాను. నువ్వు పనిచేసే ఆసుపత్రి లాండ్రీ వెనక వాకిట్లో, తిరగేసిన పెట్టె మీద ఒక గిన్నెడు మంచినీళ్లు పెట్టుకుని చేసుకున్నామని, పల్లకీ లేదని, పూలు లేవని చెప్పాను. నేను మోకరిల్లి నీకు వంగాను. తిరిగి నువ్వూ వంగితేనే పెళ్లి పూర్తయినట్టు. ఇంతలో మా దళాన్ని యుద్ధానికి తీసుకెళ్లే లారీ హారన్ కొట్టింది. నేను లేచి పరుగెత్తి లారీ ఎక్కేశాను. "నా భార్య ఈనాటికీ నాకు వంగలేదు. మా పెళ్లి సగంలో ఆగిపోయింది. ఆ సగం పెళ్లితోనే ఆమె నాతో ఇన్నేళ్లు కాపురం చేసింది. బాబూ, నువ్వు మాత్రం ఏ హారన్ మోగినా ఎదుటిమనిషి వంగేదాకా ఆగు" అని వరుడికి చెప్పాను.

అప్పుడు కల్నల్ గారు లేచి నిలబడ్డారు. నా పని అయిపోయిందనుకున్నాను. "ఆయన చెప్పింది నిజం! ఆవిడ లాక్కున్న కర్ర నాదే! ఆ తిట్లు నాకింకా నోటికొచ్చు!" అన్నారు. జనం గొల్లుమన్నారు. తర్వాతి పెళ్లివాళ్లు కూడా తలుపు దగ్గర గుంపుగా చేరి నవ్వుతున్నారు. వాళ్ల ముహూర్తం దాటిపోతోందని ఎవరికీ పట్టలేదు, క్వాక్ గారికి తప్ప.

ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి నన్ను నిలదీసింది. "చుంగ్‌ములో ఉందని ముందే ఏడవొచ్చు కదయ్యా! నేనే వెళ్లి తీసుకొచ్చేదాన్ని!"

సాయంత్రం క్వాక్ గారు చేతితొడుగులు వెనక్కి తీసుకున్నాడు. నా వల్ల ఆ రోజు పెళ్లిళ్లన్నీ ఆలస్యమయ్యాయట. ఇవాళ మళ్లీ కార్ల దగ్గర ఈల ఊదాను. ఫరవాలేదు. ఈల నాకు బాగానే వచ్చు.

నిన్ను రమ్మని ఇది రాయడం లేదు. రావాలంటే రా. నువ్వేమనుకుంటున్నావో అడుగుతున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ అడిగినట్టు లేను.

నీ గిల్‌మాన్


చుంగ్‌ము
డిసెంబరు చివర

ఏమండీ,

మీ ఉత్తరం షెడ్డులో చదవబోయి సగంలో ఆగిపోయాను. మిగతాది యోంగ్‌జా గారు చదివింది. ఆవిడ కూడా చివరిదాకా చదవలేకపోయింది. ఆ రోజు ఆల్చిప్పలు సరిగ్గా ఒలవలేదని యజమాని అందరినీ తిట్టాడు. నేను తిరిగి అరిచాను, ఊరుకున్నాడు.

ఆల్చిప్పల కాలం వసంతం దాకా ఉంటుంది. మధ్యలో పని వదిలి నేను రాను. నాకిక్కడ బాగుంది, నా చేతులకూ పని దొరికింది. మీరే రండి. ఆ ఈల ఎవరైనా ఊదుకుంటారు. మా యజమాని కొడుకు పెళ్లి ఉంది. ఊళ్లో పెద్దమనుషులందరితో ఆయనకు తగాదానే, పెళ్లిపెద్దగా నిలబడేవాళ్లు దొరకడం లేదు. నాకు తెలిసిన మనిషి ఒకరున్నారని చెప్పాను. "మర్యాదస్థుడేనా?" అని అడిగాడు. "కాదు, కానీ ఈ మధ్య నిజం చెబుతున్నాడు" అన్నాను.

అయితే ఒకటి దిద్దుకుని రండి. మీరు చెప్పిన నిజంలో కూడా ఒక తప్పుంది.

ఆ రోజు మీ లారీ మలుపు తిరిగేదాకా నేను గిన్నె పక్కనే నిలబడ్డాను. తర్వాత మోకరిల్లాను. నుదురు నేలకు తగిలేదాకా, పూర్తిగా వంగాను. నోట్లోకి దుమ్ము పోయింది. లాండ్రీ పెద్దావిడ చూసి "ఎవరికే పిచ్చిదానా, ఆ పొగకా?" అంది. "మా ఆయనకి" అన్నాను. మా ఆయన అనడం అదే మొదటిసారి. సిగ్గేసి, ఏడుపొచ్చి, గట్టిగా అరిచి చెప్పాను, లారీలో ఉన్న మీకు వినబడుతుందేమోనని.

మన పెళ్లి సగంలో ఆగలేదండీ. పూర్తయింది. మీరు చూడలేదు, అంతే.

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరు వచ్చే ఆదివారానికి వస్తారని పెళ్లివాళ్లకు చెప్పేశాను.

మీ భార్య,
మల్‌సూన్